మీటిన స్వరమును లయకు దిద్దుట

మిడి యనునది వాద్యము కాదు, ధ్వనియు కాదు. ఒక సంస్థ చేసిన వాద్యము వేరొక సంస్థ వాద్యముతో సంభాషించుటకై 1983లో ఏర్పడిన సంకేతభాష. ఏ మెట్టు నొక్కబడినది, ఎంత వడిగా నొక్కబడినది, ఎప్పుడు విడువబడినది అను సమాచారమే అందు నడచును. కావున తాళము తప్పిన స్వరమును దిద్దుటకు మరల వాయింప నక్కరలేదు. దాని కాలమును తెలుపు సంఖ్యను మార్చిన చాలును. ఇట్లు మార్చుటనే క్వాంటైజ్ చేయుట యందురు. మిడికి ముందే, 1980లో రోజర్ లిన్ రూపొందించిన డ్రమ్ యంత్రమున ఈ సౌకర్యము కలదు.

సంగీత సాఫ్ట్‌వేర్ తాళపు దెబ్బ నొక్కొక్క దానిని సన్నని టిక్కులుగా విభజించును. దెబ్బకు 480 టిక్కులనుట వాడుకలోనున్న లెక్కలలో నొకటి. నిమిషమునకు 120 దెబ్బల వేగమున ఒక టిక్కు ఇంచుమించు సెకనులో వెయ్యవ వంతు. దెబ్బను నాలుగు పాళ్లు చేసినచో 120 టిక్కుల కొక గీటు పడును. 130వ టిక్కున పడిన స్వరము 120కి జరుగును. దగ్గరి గీటును చేరుటయే సూత్రము. యంత్రమునకు వేరు వివేచన లేదు. 120న పడవలసి 190న పడిన స్వరమును అది 240కి నెట్టును. చిన్న దోషము పోవును, పెద్ద దోషము మరింత పెద్దదగును.

గీట్లు సన్నమైనకొలది మేలని తలచువారు కలరు. అది సరి కాదు. 60 టిక్కుల గీట్లు పెట్టినచో, 35 టిక్కులు ఆలస్యమైన స్వరము వెనుకకు రాక ముందుకు పోయి అచ్చటనే స్థిరపడును. ఆ భాగములో నిజముగా వాయించిన అతి చిన్న కాలమేదో విని, ఆ గీటునే ఎంచుకొనవలెను. పాటనంతను ఒకేసారి దిద్దక, చెవికి తప్పుగా తోచిన భాగములను మాత్రమే దిద్దుట త్వరితమును, క్షేమమును. దిద్దుబాటు బలమును నూటికి 50గా నుంచినచో 30 టిక్కుల ఆలస్యము 15 అగును. వాయించినవాని చేతి జీవము కొంత మిగులును.

మన లయకు అసలు చిక్కు గతిభేదములలో కలదు. ఖండగతిలో ఐదు స్వరములు 0, 96, 192, 288, 384 టిక్కులపై పడును. వీనిని చతురశ్రపు గీట్లకు దిద్దినచో 192, 288 రెండును 240కే చేరును. ఐదు జతులు నాలుగై, ఖండము మాయమగును! మిశ్రగతిలో 480ని 7 నిశ్శేషముగా భాగింపదు గాని, ఆ భేదము అర టిక్కుకు లోపలిదే. చెవి దానిని పట్టజాలదు. ఐదేసి, ఏడేసి గీట్లు గల సాఫ్ట్‌వేరులు కలవు. లేనిచో వాయించుటకు ముందే 120 వేగమును 150 చేసి, చతురశ్రపు చిన్న పాళ్లు ఐదింటిని ఒక దెబ్బగా లెక్కించిన ఖండగతి సరిపోవును.

గమకముల విషయమై ఒక జాగ్రత్త. కీబోర్డు చక్రముతో పలికించిన జారుల సంకేతములు స్వరములతో కలిసియుండవు, వేరుగా నుండును. పెక్కు సాఫ్ట్‌వేరులలో స్వరము జరిగినను అవి కదలవు. జారు ముందో వెనుకో పడును. అట్టి పాళ్లలో స్వరమును, దాని జారును కలిపి ఎంచుకొని చేతితో జరుపుటయే మంచిది.