పెద్దప్రేగు కాన్సర్‌లో రోగనిరోధక నియంత్రణ అణువులు

పెద్దప్రేగు, పురీషనాళాలలో వచ్చే కాన్సర్ కణితిలో కాన్సర్ కణాలతో పాటు తెల్లరక్తకణాలు కూడా ఉంటాయి. ఈ తెల్లరక్తకణాల పనిని ఉత్తేజపరచే లేదా అణచివేసే ప్రోటీనులను రోగనిరోధక నియంత్రణ అణువులు అంటారు. కణితి పెరుగుదల, అది మందులకు లొంగడం కొంతవరకు వీటిపై ఆధారపడి ఉంటాయి. వీటిలో ఒక వర్గంపై తెలంగాణలోని కొత్తగూడెంకు చెందిన శాస్త్రవేత్త కన్నెగంటి తిరుమలాదేవి విస్తృతంగా పరిశోధించారు.

వాపు - కాన్సర్

పెద్దప్రేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. వాటికీ శరీర కణజాలానికీ మధ్య ఒకే వరుస కణాల పొర, దానిపై జిగురుపొర అడ్డుగా ఉంటాయి. ఈ పొర దెబ్బతింటే సూక్ష్మజీవులు లోపలికి చొచ్చుకొనిపోయి వాపు కలుగుతుంది. కొద్దికాలం ఉండే వాపు గాయం మానడానికి తోడ్పడుతుంది. ఏళ్ళ తరబడి కొనసాగే వాపు కాన్సర్‌కు దారితీయవచ్చు. అందువలననే దీర్ఘకాలంగా అల్సరేటివ్ కోలైటిస్ ఉన్నవారికి ఈ కాన్సర్ ముప్పు ఎక్కువ.

అపాయాన్ని పసిగట్టే ప్రోటీనులు

కణం లోపల సూక్ష్మజీవుల ఆనవాళ్ళను, కణానికి కలిగిన హానిని పసిగట్టే ప్రోటీనులు కొన్ని ఉన్నాయి. వీటిలో కొన్ని ఇతర ప్రోటీనులతో కూడి ఇన్‌ఫ్లమసోమ్ అనే సముదాయంగా ఏర్పడతాయి. ఈ పేరు 2002లో వాడుకలోకి వచ్చింది. ఇన్‌ఫ్లమసోమ్ కాస్పేజ్-1 అనే ఎంజైమును చైతన్యపరచి, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-18 విడుదలకు కారణమవుతుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసిన తిరుమలాదేవి 2007లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో గల సెయింట్ జూడ్ బాలల పరిశోధనా వైద్యశాలలో చేరారు. ఆమె బృందం ఎలుకలపై జరిపిన పరిశోధనలలో తేలిన ముఖ్యాంశాలు:

* ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 (2010): ఇది లేని ఎలుకలలో ప్రేగుపొర త్వరగా దెబ్బతిన్నది, కణితులు ఎక్కువయ్యాయి. ఇంటర్‌ల్యూకిన్-18 తగ్గడమే ఇందుకు ముఖ్యకారణం.
* ఎన్‌ఎల్‌ఆర్‌పీ12 (2011): ఇది వాపును అణచి కణితులను నిరోధిస్తుంది.
* ఎయిమ్2 (2015): ఇది ప్రేగులోని మూలకణాల మితిమీరిన విభజనను అరికడుతుంది. ఇది లేని ఎలుకలను ఆరోగ్యవంతమైన ఎలుకలతో కలిపి ఉంచి, వాటి మధ్య ప్రేగు సూక్ష్మజీవుల మార్పిడి జరిగేలా చేసినపుడు కణితులు తగ్గాయి.
* ఎన్‌ఎల్‌ఆర్‌సీ3 (2016): ఇది కణాల పెరుగుదలకు తోడ్పడే సంకేతాలను నిరోధిస్తుంది. రోగుల కణితులలో దీని పరిమాణం బాగా తగ్గి ఉన్నట్లు కనుగొన్నారు.

వాపుకు సంబంధించిన అణువులన్నీ కాన్సర్‌ను పెంచేవి కావనీ, కొన్ని ప్రేగుకు రక్షణ కల్పిస్తాయనీ వీటి వలన తెలిసింది. అయితే ఎలుకలలో లభించిన ఫలితాలు చికిత్సగా మారాలంటే అవి మనుషులలోనూ రుజువు కావాలి.

చెక్‌పాయింట్ అణువులు

కాన్సర్ కణాలను చంపగల టి-కణాలపై పీడీ-1 అనే ప్రోటీను ఉంటుంది. ఇది టి-కణానికి కళ్ళెం వంటిది. పీడీ-ఎల్1 అనే ప్రోటీను దీనికి అతుక్కొన్నపుడు టి-కణం దాడి మానుతుంది. ఇటువంటి కళ్ళాలను తొలగించే చికిత్సకు మార్గం చూపినందుకు జేమ్స్ అల్లిసన్, తసుకు హోంజో 2018లో నోబెల్ బహుమతి పొందారు.

ఈ మందులు పెద్దప్రేగు కాన్సర్ రోగులందరికీ పనిచేయవు. డీఎన్‌ఏ నకళ్ళలో దొర్లే తప్పులను సరిదిద్దే ప్రోటీనులు లోపించిన కణితులలో ఇవి బాగా పనిచేస్తాయి. ఆ కణితులలో వింత ప్రోటీనులు ఎక్కువగా తయారవుతాయి కనుక టి-కణాలు వాటిని సులభంగా గుర్తిస్తాయి. పెద్దప్రేగు కాన్సర్లలో ఇటువంటివి సుమారు 15 శాతం మాత్రమే. ఇతర అవయవాలకు వ్యాపించిన దశలో ఇంకా తక్కువ. వ్యాపించిన దశలో ఉన్న ఈ రకపు కాన్సర్‌కు తొలి చికిత్సగా పెంబ్రోలిజుమాబ్‌ను 2020లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ ఆమోదించింది. కనుక చికిత్సను ఎంచుకొనేముందు, కణితి నుండి తీసిన ముక్కలో ఆ సరిదిద్దే ప్రోటీనులు ఉన్నాయో లేవో పరీక్షించడం అవసరం.