ఇంజిన్‌కు ఊపిరి నేర్పిన తోలు తిత్తి

కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఆడటం చూసినవాళ్లకు ఈ కథ తేలిగ్గా బోధపడుతుంది. 1904లో ఇంగ్లండులో హెర్బర్ట్ స్కిన్నర్ అనే ఆయన మోటారు కార్ల కోసం పెట్రోలును గాలితో కలిపే ఓ కొత్త రకం కార్బొరేటర్ తయారుచేశాడు. దాని గుండెకాయ ఒక చిన్న తోలు తిత్తి. అమ్మ మేబెల్ ఆ తిత్తులు కుడుతూ ఉండేదని ఆయన కొడుకు పెద్దయ్యాక కూడా గుర్తుచేసుకునేవాడు. స్కిన్నర్లది పాదరక్షల వ్యాపారం. లిల్లీ అండ్ స్కిన్నర్ దుకాణాలు వాళ్లవే కాబట్టి తోలుతో పని ఆ ఇంటికి కొత్త కాదు. కొలిమి తిత్తి గాలిని ఊదుతుంది. స్కిన్నర్ తిత్తి మాత్రం ఇంజిన్ ఎంత గాలి పీలుస్తోందో కనిపెట్టి, దానికి తగ్గట్టు దారి తెరుస్తుంది.

ఆ అవసరం ఎందుకొచ్చింది? పెట్రోలు మండాలంటే అందులో దాదాపు 15 రెట్ల బరువున్న గాలి కలవాలి. బండి నిలబడి చిన్నగా ఆడుతున్నప్పుడు ఇంజిన్‌కు కావలసింది గుక్కెడు గాలి. గట్టు ఎక్కేటప్పుడు దానికి ఎన్నో రెట్లు కావాలి. గాలి పోయే కార్బొరేటర్ గొంతు ఇరుకుగా ఉంటే వేగంలో ఊపిరాడదు. వెడల్పుగా ఉంటే నిదానంలో గాలికి జోరుండదు, జోరు లేని గాలి పెట్రోలును పైకి లాగలేదు. మిగతా కార్బొరేటర్లు ఒక్కో వేగానికి ఒక్కో జెట్టు, అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం, పెట్టుకుని ఈ చిక్కు దాటాయి. స్కిన్నర్ ఒక్క జెట్టే ఉంచి, గొంతునే పెరిగేలా తరిగేలా చేశాడు.

తోలు త్వరగా పాడవుతుంది. అందుకే తర్వాత తిత్తి స్థానంలో లోహపు పిస్టన్ వచ్చింది. బోర్లించిన చెంబులాంటి గదిలో అది పైకీ కిందకీ కదులుతుంది. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ లాగుడు పిస్టన్‌లోని రంధ్రాల గుండా పైగదికి చేరుతుంది. అక్కడ పీడనం తగ్గగానే, కిందినుంచి బయటి గాలి పిస్టన్‌ను పైకి నెడుతుంది. గొంతు తెరుచుకుంటుంది. లాగుడూ పిస్టన్ బరువూ సరితూగిన చోట కదలిక ఆగుతుంది. కాబట్టి ఇంజిన్ నిదానంగా ఉన్నా జోరుగా ఉన్నా జెట్టు మీదుగా పోయే గాలి వేగం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పిస్టన్ అడుగున వేలాడే సన్నని సూది కొనకు పోనుపోను సన్నబడుతుంది. పిస్టన్ లేచినకొద్దీ సూది జెట్టులోంచి పైకి వచ్చి, చుట్టూ సందు పెరిగి, పెట్రోలు ఎక్కువ పారుతుంది. గాలి పెరిగితే పెట్రోలు దానంతటదే పెరిగే ఈ ఏర్పాటులో తీగ లేదు, విద్యుత్తు లేదు.

1910లో స్కిన్నర్ యూనియన్ పేరు మీద ఎస్.యు. కంపెనీ పుట్టింది. పరికరం ఎంత గొప్పదైనా అమ్మకాలు లేక కంపెనీ కుంటుపడింది. తమ్ముడు కార్ల్ స్కిన్నర్ చివరికి దాన్ని కార్ల తయారీదారు విలియం మోరిస్‌కు అమ్మేశాడు. అక్కడినుంచి దశ తిరిగింది. మోరిస్ మైనర్, ఎం.జి., జాగ్వార్ ఈ-టైప్, 1959లో వచ్చిన మినీ, అన్నీ ఎస్.యు.తోనే ఊపిరి పీల్చాయి. మన రోడ్లమీద తిరిగిన అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కూడా ఆ కుటుంబంలోదే.

ఆస్ట్రేలియాలో ఈ యంత్రానికి ఇంకో జీవితం దొరికింది. సిడ్నీలోని జెట్‌ల్యాండ్ కర్మాగారంలో మినీలు తయారయ్యేవి. 1966లో బాథర్స్ట్ కొండదారి మీద జరిగిన 500 మైళ్ల పందెంలో మొదటి తొమ్మిది స్థానాలూ మినీ కూపర్ ఎస్‌లవే. 1275 సీసీల ఆ చిన్న ఇంజిన్‌కు రెండు ఎస్.యు.లు గాలి అందించాయి. 1948లో వచ్చిన ఆస్ట్రేలియా కారు హోల్డెన్‌కు పుట్టుకతో ఉన్నది వేరే కంపెనీ కార్బొరేటర్. అయినా దాని ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు జోరు పెంచాలనుకున్న కుర్రాళ్లు రెండో మూడో ఎస్.యు.లు బిగించుకున్నారు. పాత హోల్డెన్లను మలుచుకునేవాళ్లు ఇప్పటికీ ఆ పని చేస్తున్నారు.

పాత కారును బాగుచేసే బల్ల దగ్గరికి వెళ్దాం. ముందు చూడాల్సింది గాలి దారిని మూసి తెరిచే థ్రాటిల్ ఇరుసు. అది అరిగితే పక్కనుంచి దొంగగాలి పీలుస్తుంది. ఇక ఎంత ట్యూనింగ్ చేసినా స్లో స్పీడు నిలబడదు. రంధ్రాన్ని తొలిచి కొత్త బుష్ వేయాల్సిందే. పిస్టన్‌నూ దాని గదినీ పెట్రోలు గుడ్డతోనే తుడవాలి. ఎమరీ కాగితం తగలనివ్వకూడదు. ఆ రెండూ ఒకదానికొకటి అమర్చిన జంట, ఒకదాని పిస్టన్ ఇంకోదాని గదిలో పెడితే చెడుతుంది. పైన చిన్న గొట్టంలో పోసే పలుచని నూనె, పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా ఆపుతుంది. యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో పెట్రోలు పాలు కాస్త పెరిగి బండి తడబడకుండా అందుకునేది ఆ నూనె వల్లే.

జెట్టు సరిగ్గా నడిమధ్యన కూర్చుందో లేదో చెవే చెబుతుంది. పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే అది జారి ‘టక్’మని స్పష్టంగా పడాలి. చప్పుడు మెత్తగా వస్తే సూది ఎక్కడో రాసుకుంటున్నట్టే. తర్వాత ఇంజిన్ ఆడుతుండగా పిస్టన్‌ను ఒక్క మిల్లీమీటరులోపు ఎత్తాలి. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైంది. ఇంజిన్ ఆగిపోబోతే తక్కువైంది. కొద్దిగా పెరిగి వెంటనే సర్దుకుంటే పాలు కుదిరింది. కుదరకపోతే జెట్టు కింది ఆరుపలకల నట్టును ఒక్క పలక చొప్పున తిప్పుతూ మళ్లీ వినాలి. రెండు కార్బొరేటర్లుంటే రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ఒక్కో గొంతు దగ్గర పెట్టి బుసలు సమానమయ్యేదాకా సరిచేస్తారు.

ఇంజిన్‌ను మార్చి జోరు పెంచినవాళ్లకు అసలు పరీక్ష సూది దగ్గర. కొత్త క్యామ్‌షాఫ్ట్, పెద్ద ఎగ్జాస్ట్ పెట్టగానే పాత సూది సరిపోదు. సూది మందాన్ని అంగుళంలో ఎనిమిదో వంతుకు ఒకచోట, పదివేలో వంతు అంగుళం దాకా కొలిచి పట్టికలు రాశారు. అంటే మన తలవెంట్రుకలో ముప్ఫయ్యో వంతు మందం కూడా లెక్కే. అలా కొలిచిన సూదులు వందల రకాలున్నాయి. ఈ పట్టిక ముందేసుకుని కూర్చున్న కుర్రాడు పీడనం, ప్రవాహం, మిశ్రమం అన్న పాఠాలన్నీ చేతులతో నేర్చుకుంటాడు. ఇంతకన్నా మంచి భౌతికశాస్త్ర ప్రయోగశాల నాకు తెలియదు.

పొగ నిబంధనలు బిగుసుకుని, 1990ల తొలి ఏళ్లలో కొత్త కార్లలో ఎస్.యు. స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. కానీ ఆ సూత్రం చావలేదు. మన మోటార్‌సైకిళ్లలో సీవీ కార్బొరేటర్ అని మెకానిక్కులు పిలిచేదానిలో పైకీ కిందకీ ఆడే పిస్టన్, సన్నని సూది స్కిన్నర్ ఆలోచనే. 2020లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బండ్లనుంచి అదీ తప్పుకుంది. ఎస్.యు. భాగాలు మాత్రం ఇంగ్లండులోని సాల్స్‌బరీలో ఇప్పటికీ తయారవుతున్నాయి. ఎక్కడో ఒక షెడ్డులో, దశాబ్దాలుగా దుమ్ము పట్టిన మినీ బానెట్ ఎత్తి, ఇరుసుకు బుష్ వేసి, గదిలో నూనె పోసి, పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలేవాళ్లు ఉన్నారు. ‘టక్’మన్న ఆ చప్పుడు వినగానే వాళ్లు తాళం తిప్పుతారు.