జింక వెంట్రుకలు లేకుండా కొరమీనుకి కప్ప ఫ్లై

అమెరికా వాళ్ల వీడియోల్లో బాస్ చేప కోసం జింక వెంట్రుకలతో కట్టే కప్ప బొమ్మ చూసి చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మన కొరమీనుకి ఇది పనిచేస్తుందా? ఆ వెంట్రుకలు ఎక్కడ దొరుకుతాయి?" పనిచేస్తుంది, బ్రహ్మాండంగా. వెంట్రుకలు మాత్రం వెతకొద్దు.

నల్లమల మనకి పక్కనే ఉంది. మాచర్ల, మార్కాపురం వైపు ఎవరైనా "అడవిలో పడుంటే తెచ్చా" అని తోలు ముక్క ఇచ్చినా ముట్టుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి, కణుజు తోలు, కొమ్ము, వెంట్రుక ఏది దగ్గర పెట్టుకున్నా కేసే. వేటాడింది మీరు కాకపోయినా సరే.

అసలు ఆ వెంట్రుకలో ఏముంది? మన జుట్టులా గట్టిగా ఉండదు, లోపలంతా గాలి గదులు. అందుకే తేలుతుంది. గాలం కాడ మీద చిన్న కుచ్చు పెట్టి దారం బిగిస్తే, నొక్కిన చోట నలిగి రెండు కొసలూ పైకి లేస్తాయి, కాడ చుట్టూ పువ్వులా విచ్చుకుంటాయి. కుచ్చు పక్కన కుచ్చు దట్టించి, బ్లేడుతో కప్ప ఆకారానికి చెక్కుతారు. ఇది పాత విద్యే. 1791లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో విలియం బార్ట్రమ్ అమెరికాలో చూసింది రాశాడు: మూడు గాలాలు కలిపి, జింక తోక వెంట్రుకలు చుట్టి, పొడుగు కర్రకి కట్టి నీటిపైన ఆడించడం. మనోళ్లు వెదురు కర్రకి బతికున్న కప్పని గుచ్చి గుర్రపుడెక్క సందుల్లో ఆడిస్తారు కదా, అదే పద్ధతి. ఆ కప్పని కూడా వదిలేద్దాం. పొలంలో పురుగుల్ని తినేది అదే. కప్ప కాళ్ల ఎగుమతిని మన ప్రభుత్వం 1987లోనే ఆపేసింది.

మనకి కావాల్సింది తేలే ఒళ్లు, ఊగే కాళ్లు. ఒంటికి పాత హవాయి చెప్పు చాలు. పత్తి నేల కదా అని దూదితో మొదలెట్టకండి, నీళ్లు పీల్చి మునుగుతుంది!

1/0 లేదా 2/0 సైజు, నోరు వెడల్పున్న గాలం తీసుకోండి. వెనక మేక వెంట్రుకలు రెండంగుళాల కుచ్చు కట్టండి. అవి తడిసి కిందికి వాలతాయి, తల పైన తేలుతుంది. నిజం కప్ప కూర్చునేది కూడా అలాగే. పక్కన నాటుకోడి మెడ ఈకలు రెండు. చెప్పు ముక్కని బొటనవేలంత కోసి, అడుగున చీల్చి, కాడని అందులో దూర్చి ఫెవిక్విక్‌తో అంటించండి. ఇక్కడ జాగ్రత్త: ముక్క ఎక్కువ భాగం కాడకి పైనే ఉండాలి. కాడకీ మొనకీ మధ్య ఖాళీ పూడిపోతే చేప కొడుతుంది కానీ గుచ్చుకోదు. జింక వెంట్రుకలతో కట్టేవాళ్లు కూడా పొట్ట వైపు బాగా కురచగా కోసేది ఇందుకే. చివరగా గట్టి నైలాన్ తీగని మొనకి అడ్డంగా వంచి కట్టండి, నాచు పట్టదు.

కొరమీను గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే, అందుకే పైన తేలే ఎర దానికి సరిపోతుంది. బుడగ లేచిన చోటికి కొంచెం అవతల వేసి, రెండుసార్లు కదిపి ఆపండి. కొట్టగానే లాగొద్దు, నోట్లోకి పోనివ్వండి. ఫ్లై రాడ్ లేదా? వెదురు కర్ర చాలు.

వానాకాలంలో నీటిపైన ఎర్రగా, ముద్దలా పిల్లలు తిరుగుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ ముద్ద మీద ఎర వేస్తే కోపంతో తప్పకుండా కొడతాయి. చాలామంది దీన్నే టెక్నిక్ అని చూపిస్తున్నారు. నాకు నచ్చదు. పెద్దది పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి.

చెరువైతే ముందు అడగండి, చాలావరకు మత్స్యకార సంఘాలు పాట పాడుకున్నవే ఉంటాయి. మిరప, పత్తి చేలకి మందు కొట్టాక వాన పడితే, ఆ నీళ్లు దిగే మురుగు కాలువలో పట్టిన చేపని మాత్రం ఇంటికి తీసుకెళ్లకండి.