మామిడి మాగుదలలో ఇథిలీన్ పాత్ర: హార్మోను సంకేతం, కాయ సంసిద్ధత

వరిగడ్డి పరచి, ముదిరిన కాయలను పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి మామిడిని మాగవేయడం తెలుగునాట తరతరాలుగా వస్తున్న పద్ధతి. గడ్డిలోని వేడే కాయను పండిస్తుందన్నది సాధారణ భావన. వేడి ప్రభావం కొంత ఉన్నమాట నిజమే. అయితే అక్కడ అసలు పని చేసేది కాయలు తామే విడుదల చేసే ఇథిలీన్ వాయువు. అది గాలిలో చెదిరిపోకుండా కప్పు కింద నిలుస్తుంది. ముందుగా మాగిన కాయ నుండి వెలువడినది పక్క కాయను కూడా మాగేలా ప్రేరేపిస్తుంది.

రెండు కార్బన్, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు గల ఇంత సరళమైన అణువు హార్మోనుగా గుర్తింపు పొందడానికి దశాబ్దాలు పట్టింది. దీపాలు వెలిగించే గ్యాసులోని ఇథిలీన్ బఠానీ మొలకల పెరుగుదలను మార్చివేస్తుందని 1901లో రష్యా శాస్త్రవేత్త ద్మిత్రీ నెల్యుబోవ్ గుర్తించాడు. ఆపిల్ పండ్లు స్వయంగా ఈ వాయువును ఉత్పత్తి చేస్తాయని 1934లో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ గేన్ రసాయనికంగా నిరూపించాడు.

మొక్క కణాలలో దీని తయారీ మిథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలవుతుంది. అది ఎస్-అడినోసిల్ మిథియోనిన్‌గా, తరువాత ఏసీసీగా, చివరకు ఇథిలీన్‌గా మారుతుంది. నడుమనున్న ఏసీసీని 1979లో ఆడమ్స్, యాంగ్ గుర్తించారు. చివరి చర్యకు ఆక్సిజన్ తప్పనిసరి. ఆక్సిజన్ తగ్గించిన గోదాములలో ఆపిల్ నెలల తరబడి నిలవడానికి ఇది ఒక ముఖ్య కారణం. లేత కాయలో ఇథిలీన్ స్వల్పంగానే తయారవుతుంది, పైగా తన ఉత్పత్తిని తానే అదుపు చేసుకుంటుంది. ముదిరిన కాయలో ఈ సంబంధం తలకిందులవుతుంది: ఉన్న ఇథిలీన్ మరింత ఇథిలీన్ తయారీకి ప్రేరణనిస్తుంది, శ్వాసక్రియ ఒక్కసారిగా పెరుగుతుంది. మామిడి, అరటి, టమాటా, బొప్పాయి, సపోటా ఈ కోవలోనివి. ద్రాక్ష, నారింజ, దానిమ్మలలో ఇటువంటి ఉద్ధృతి కనిపించదు. ద్రాక్ష పక్వతలో అబ్సిసిక్ ఆమ్లానిది ముఖ్య పాత్ర. స్ట్రాబెర్రీలో పైనున్న గింజల నుండి వచ్చే ఆక్సిన్ తగ్గితేనే పక్వత సాగుతుంది.

ఇథిలీన్ సంకేతం కణాన్ని చేరే తీరు మరింత ఆసక్తికరం. గ్రాహక ప్రోటీన్లు హార్మోను తగిలినప్పుడే పని మొదలుపెడతాయని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ జరిగేది అందుకు విరుద్ధం. అరబిడాప్సిస్ మొక్కలో జరిగిన పరిశోధనల ప్రకారం, ఇథిలీన్ లేనప్పుడే ఈ గ్రాహకాలు చురుకుగా ఉండి, సీటీఆర్1 అనే ప్రోటీన్ ద్వారా తదుపరి చర్యలను అణచి ఉంచుతాయి. గ్రాహకంలోని రాగి అయానుకు ఇథిలీన్ అంటుకోగానే ఈ పగ్గం సడలుతుంది. అప్పుడు ఈఐఎన్2 ప్రోటీన్‌లోని ఒక ఖండం తెగి కేంద్రకంలోకి చేరుతుంది. ఈఐఎన్3 స్థిరపడి జన్యువులను ప్రేరేపిస్తుంది. 'నెవర్ రైప్' అనే టమాటా ఉత్పరివర్తనంలో ఒక గ్రాహకం ఇథిలీన్‌ను స్వీకరించలేదు, కనుక పగ్గం సడలక పండు సరిగా ఎర్రబడదు. ఒక్క మాటలో, మాగుదల అంటే అణచివేత తొలగడం.

తొలగిన తరువాత జరిగే మార్పులు అనేకం: పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది, పెక్టిన్ విచ్ఛిన్నమై గుజ్జు మెత్తబడుతుంది, పులుపు తగ్గుతుంది, పత్రహరితం నశించి కెరోటినాయిడ్ల పసుపు బయటపడుతుంది, సువాసన ద్రవ్యాలు ఏర్పడతాయి. ఇవన్నీ ఒకే వేగంతో సాగవు. కార్బైడ్ సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

కాల్షియం కార్బైడ్ తేమ తగిలితే ఎసిటిలీన్‌ను వెలువరిస్తుంది. ఇథిలీన్‌ను పోలిన ఈ వాయువు అదే గ్రాహకాలపై, చాలా బలహీనంగా, పనిచేస్తుంది. పరిశ్రమల కోసం తయారైన కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండవచ్చు. అందుచేత భారతదేశంలో 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దానితో మాగవేసిన పండ్ల అమ్మకాన్ని నిషేధించాయి. దానికి బదులుగా మిలియన్‌కు 100 భాగాల వరకు ఇథిలీన్ వాయువు వాడకాన్ని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతించింది. చర్చ సాధారణంగా ఈ విషం దగ్గరే ఆగిపోతుంది. శరీరధర్మ శాస్త్ర దృష్టితో చూస్తే మరొక నష్టమూ ఉంది. తొలి ధర కోసం టెంక కట్టకముందే కోసిన బంగినపల్లిలో చక్కెరగా మారవలసిన పిండిపదార్థం తగినంత చేరి ఉండదు. వాయువు సంకేతాన్ని ఇవ్వగలదే గాని నిల్వను ఇవ్వలేదు. తొక్క పసుపెక్కుతుంది, లోపల గుజ్జు చప్పగానో పుల్లగానో ఉండిపోతుంది.

ఇథిలీన్ గదులకూ ఈ పరిమితి వర్తిస్తుంది. అక్కడ ఉష్ణోగ్రత, తేమ నియంత్రణతో పాటు గాలి మార్పిడి అవసరం. కాయలు వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే ఇథిలీన్ ప్రభావం మందగిస్తుంది. ఇవన్నీ సరిగా ఉన్నా, కోత నాటికి కాయ ముదిరి ఉండాలి. తొడిమ దగ్గర భుజాలు నిండటం, టెంక గట్టిపడటం అందుకు గుర్తులు. నీటిలో వేస్తే ముదిరిన కాయ సాధారణంగా మునుగుతుంది, లేతది తేలుతుంది; ఈ పరీక్షకు ఒక్క బకెట్టు నీళ్ళు చాలు.