ఎఫ్‌ఎఫ్‌ఎల్

అమెరికాలో తుపాకుల వ్యాపారానికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఇది. పూర్తి పేరు ఫెడరల్ ఫైర్‌ఆర్మ్స్ లైసెన్స్. లైసెన్సున్న డీలరునూ వాడుకలో ఎఫ్‌ఎఫ్‌ఎల్ అనే అంటారు. ఒక రాష్ట్రంలో చనిపోయిన తాత తుపాకీ మరో రాష్ట్రంలోని మనవడికి చేరాలంటే సురక్షితమైన మార్గం ఈ డీలరే.

అధ్యక్షుడు కెనెడీని 1963లో బలిగొన్న రైఫిల్‌ను లీ హార్వీ ఆస్వాల్డ్ మారుపేరుతో షికాగో దుకాణం నుంచి పోస్టులో తెప్పించుకున్నాడు. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ఆ దారి మూసేసింది. లైసెన్సు లేని వ్యక్తి వేరే రాష్ట్రంవారికి నేరుగా తుపాకీ ఇవ్వడం నేరమైంది.

వారసత్వానికి మాత్రం మినహాయింపు ఉంది. వీలునామా ద్వారా గానీ, అది లేనప్పుడు వారసత్వ చట్టం ప్రకారం గానీ సంక్రమించిన తుపాకీని, సొంత రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే, డీలరు లేకుండానే తీసుకోవచ్చు. బతికుండగా ఇచ్చే కానుకకు ఈ వెసులుబాటు లేదు. అది డీలరు చేతుల మీదుగానే వెళ్లాలి. అందుకునేవారు ఫారం 4473 నింపాలి, నేరచరిత్ర తనిఖీలో నెగ్గాలి.

1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకులను 1968 నాటి చట్టం పురాతన వస్తువులుగా చూస్తుంది కాబట్టి వాటికి ఈ నిబంధనలు వర్తించవు. మెషీన్‌గన్ వారసులు మాత్రం ఫెడరల్ ఆమోదం ముందే పొందాలి.

హెచ్‌1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్న మనవాళ్లు, కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం. స్నేహితుడి తుపాకీ దాచిపెట్టే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.