కార్డు మార్చే ముందు మీటరు తీయండి!

దుబాయ్, దోహా, కువైట్‌లలో ఏసీ ప్లాంట్ల దగ్గర పనిచేసే మన టెక్నీషియన్లకు ఈ తలనొప్పి కొత్తేం కాదు. మండు వేసవిలో కంట్రోలర్ 'కమ్యూనికేషన్ ఫెయిల్' అంటుంది. చిల్లర్ ఆగితే బిల్డింగంతా ఉడికిపోతుంది, మాట పడేది మనవాడే. ఖరీదైన కార్డు మార్చినా ఫలితం ఉండదు. చాలాసార్లు లోపం వైరింగ్‌లోనే ఉంటుంది మరి!

1983లో వచ్చిన ఆర్‌ఎస్-485 పద్ధతిలో కంట్రోలర్లన్నీ ఒకే జత వైర్ల మీద మాట్లాడుకుంటాయి. లైను కొస ఊరికే వదిలేస్తే సిగ్నల్ గోడకు కొట్టిన బంతిలా వెనక్కొచ్చి, వెనకాల వచ్చే సమాచారాన్ని చెడగొడుతుంది. అందుకే రెండు కొసల్లో చెరో 120 ఓమ్‌ల రెసిస్టర్ బిగించాలి. మధ్యలో ఎక్కడా వద్దు.

పరీక్ష తేలికే. పవర్ ఆపి రెండు వైర్ల మధ్య మీటరు పెట్టండి. దాదాపు 60 ఓమ్‌లు చూపిస్తే సరే. 120 వస్తే ఒక రెసిస్టర్ లేనట్టు, 40 వస్తే ఎవరో మూడోది పెట్టినట్టు!

మెలివేసిన జత కేబులే వాడండి. ఒక కంట్రోలర్ నుంచి మరోదానికి వరసగా లాగండి, చెట్టు కొమ్మల్లా చీల్చొద్దు. షీల్డును ఒక్కచోటే ఎర్త్ చేయండి. పవర్ కేబుళ్లకు దూరంగా ఉంచండి. తక్కువ వేగంలో 1200 మీటర్ల దాకా లైను నిక్షేపంగా పనిచేస్తుంది.