ఎవరి కళ్ల కోసం ఈ బొమ్మ?

అనంతపురం కరువును ఫొటో తీయడం చాలా తేలిక. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం కళ్యాణదుర్గం రోడ్డు మీద ఎక్కడ బండి ఆపినా సరిపోతుంది. నెర్రెలిచ్చిన చెరువు, ఆకు రాలిన చెట్టు, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసే ముసలాయన దొరికిపోతారు. ఆయన చూసేది వాన కోసమో, రావలసిన బస్సు కోసమో ఫొటోలో తెలియదు. అయినా యాభై ఏళ్లుగా పత్రికలూ విరాళాల కరపత్రాలూ క్యాలెండర్లూ ఈ బొమ్మనే తిప్పి తిప్పి వేస్తున్నాయి.

అందులో అబద్ధమేమీ లేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్యపు వానలు తూర్పు తీరాన కురిసి, ఇక్కడికి చేరేసరికి అలసిపోతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఈ పీఠభూమిని జైసల్మేర్ తర్వాత అంత పొడి జిల్లా అని చెప్పుకోవడం మాకు అలవాటు. అయితే ఆ ముసలాయన ఆ ఫొటోను ఎప్పుడూ చూడలేదు. ఆయన కోసం తీసింది కాదది.

'బొమ్మలేయడం వచ్చు, కెమెరా పట్టడం వచ్చు, కంప్యూటర్‌లో పోస్టరు చేయడం వచ్చు. ఇవ్వడానికి డబ్బు లేదు కానీ ఆదివారాలున్నాయి. ఏదైనా సేవాసంస్థకు పనికొస్తానా?' అని అడిగే కుర్రకారు ఈ జిల్లాలో ఇప్పుడు తక్కువేమీ లేరు. ఇంజనీరింగ్ చదివే పిల్లాడు ఫోన్లోనే వీడియో కత్తిరించి అతికిస్తున్నాడు. 2020లో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చాక, బొమ్మల చదువుకు హైదరాబాదు పోక తప్పదన్న పరిస్థితి సీమ పిల్లలకు పోయింది. పనికొస్తారు, అనుమానం లేదు. కాకపోతే చేతిలో కుంచె ఉన్నవాళ్లు ముందే తేల్చుకోవలసింది ఒకటుంది. బార్సిలోనాలో చందా కట్టే ఆమె చూడాలా, బత్తలపల్లి ఆస్పత్రి వరండాలో కూర్చున్న ఆమె చూడాలా? ఒకే బొమ్మ ఇద్దరికీ సరిపోదు.

బయటి చూపు

బయటి చూపును తక్కువ చేయడానికి ఈ జిల్లాలో ఎవరికీ నోరు రాదు. మన్మాడ్‌లో రైతులతో బావులు తవ్వించి, పెద్దల కంట్లో నలుసై, 1968లో దేశం విడవాల్సి వచ్చిన స్పెయిన్ మనిషి విన్సెంట్ ఫెర్రర్ మరుసటి ఏడాదికల్లా అనంతపురంలో దిగారు. ఆయన చేరిన ఇంటి గోడ మీద, అద్భుతం కోసం ఎదురుచూడమని ఇంగ్లిషులో రాసిన కాగితం ఒకటి కనిపించిందట. ఎదురుచూస్తే వచ్చేది కాదని పని మొదలెట్టారని ఆయన పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) వాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆయన వెంట నడిచిన అన్నే ఫెర్రర్ అంతకుముందు బొంబాయిలో పత్రికా విలేకరి. అంటే ఆ సంస్థ పుట్టుకలోనే వార్త రాయడం తెలిసిన చెయ్యి ఒకటుంది. ఇది యాదృచ్ఛికమని నేననుకోను.

రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు ఊపిరి పోసింది కథ చెప్పగలిగిన ఒడుపు. 1996లో స్పెయిన్‌లో ఫెర్రర్ పేరిట ఫౌండేషన్ పెట్టాక, అక్కడి ఒక్కో కుటుంబాన్నీ ఇక్కడి ఒక్కో బిడ్డతో ముడివేశారు. ఆ బిడ్డ ఫొటో, ఉత్తరం, రంగు పెన్సిళ్లతో వేసిన బొమ్మ సముద్రం దాటి పోతాయి. తెలుగు ఉత్తరాన్ని స్పానిష్‌లోకి తిప్పేవాళ్లు అనంతపురంలోనే కూర్చుని పనిచేస్తారు. గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, రెండు కొండల మధ్య సూర్యుడు: మన బడిపిల్లలు ఎక్కడైనా వేసే ఆ బొమ్మే అక్కడెవరింట్లోనో గోడకెక్కుతుంది. మా ఊళ్లలో కొబ్బరిచెట్లు ఎక్కడున్నాయని పిల్లల్ని ఎవరూ అడగరు. ఆ చందాలతో ఇళ్లు లేచాయి, బడులు నడిచాయి, బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో, కణేకల్లులో ఆస్పత్రులు వెలిశాయి.

స్పెయిన్‌లో పెద్ద పేరున్న ఫొటోగ్రాఫర్ క్రిస్టినా గార్సియా రొదేరో గత దశాబ్దంలో ఇక్కడికొచ్చి అనంతపురం ఆడవాళ్ల ఫొటోలు తీశారు. వాటిని స్పెయిన్ నగరాల్లో ప్రదర్శించారు. ప్రదర్శన పేరుకు తెలుగులో 'కలల నేల' అని అర్థం. కరువు నేల అని పెట్టకపోవడమే నాకు నచ్చింది. దాతల కోసం తీసే ఫొటోలో కూడా మనిషిని జాలికి కాక గౌరవానికి నిలబెట్టవచ్చని అంత పేరున్నవాళ్లు చూపించడం మంచిదే. వైకల్యమున్న మహిళలు ఆర్డీటీ పనిశాలల్లో చేసే చేతివస్తువులూ ఆ బయటి చూపు మీద నడిచేవే. స్పెయిన్‌లో ఇంటికి ఏ రంగు నప్పుతుందో, సంచి పట్టీ ఎంత పొడుగుండాలో తెలిసిన డిజైనరు ఓ నెల వచ్చి కూర్చుంటే, దాని విలువ చెక్కు రాసిచ్చినదానికి తీసిపోదు.

ఆ చూపు మీద ఎంత ఆధారపడ్డామో 2025లో తెలిసొచ్చింది. విదేశీ నిధుల అనుమతి చిక్కులో పడగానే ఆర్డీటీని కాపాడండంటూ జనం రోడ్డెక్కారు. ఆ గొడవలోని తప్పొప్పుల జోలికి ఇక్కడ పోను.

ముగ్గుపిండితో పటం

ఇక లోపలి చూపు. దీనికి అవార్డులుండవు, ప్రదర్శనలుండవు. నా లెక్కలో ఎక్కువ తెలివి కావలసింది దీనికే.

1989, 90ల ప్రాంతంలో దక్షిణాదిన మైరాడా లాంటి సంస్థలు ఊరిని అర్థం చేసుకునే పద్ధతినే తిరగేశాయి. అంతకుముందు బయటి నిపుణుడు ప్రశ్నల కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. కొత్త పద్ధతిలో ఊరివాళ్లే నేల మీద తమ ఊరి పటం గీస్తారు. ముగ్గుపిండి, రంగుపొడులు, గింజలు, ఆకులు, రాళ్లు: చేతికి ఏది అందితే అదే సరంజామా. కుంటకు నీలిరంగు, ఎండిన బావికి నల్లరాయి, మగదిక్కు లేని ఇంటికి ఒక గుర్తు, బెంగుళూరుకు వలసపోయి తాళం పడ్డ ఇంటికి ఇంకో గుర్తు. మైరాడా మా కదిరి, మడకశిర వైపు కూడా పనిచేసింది. తర్వాత వాటర్‌షెడ్ పథకాల్లో ఇలాంటి పటాలు నేల మీంచి ఊరి గోడల మీదికెక్కాయి.

ఇక్కడ గీయడం తెలిసింది ఎవరికి? చుక్కలు లెక్కపెట్టకుండానే ఇరవై ఒక్క చుక్కల ముగ్గు తీర్చగలిగిన ఆడవాళ్లకు. అలాంటిచోట బయటినుంచి వచ్చిన డిజైనరు పని పెన్ను జేబులో పెట్టుకోవడం. తర్వాత ఆ పటాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎక్కించడం. 'ఉన్నదున్నట్టు' అనడంలోనే ఉంది కష్టమంతా. బడిలో భూగోళం చదువుకున్న చెయ్యి ఉత్తరాన్ని పైకి పెట్టాలని తహతహలాడుతుంది. ఆమె గీసిన పటంలో పైన ఉండేది గుడి, లేదా నీళ్ల ట్యాంకు. దాన్ని తిప్పేశారంటే మర్నాడు ఆమె తన ఊరిని తానే గుర్తుపట్టదు.

ఆరోగ్య కార్యకర్తల శిక్షణల్లో తరచూ వినిపించే పాతకథ ఒకటుంది. మలేరియా గురించి చెప్పడానికి దోమ బొమ్మను గోడంత వేసి చూపిస్తే ఊరివాళ్లు శ్రద్ధగా చూసి, 'మా ఊళ్లో దోమలు ఇంత పెద్దవి కావులెండి' అని ఊపిరి పీల్చుకున్నారట. నవ్వుకుని వదిలేయవలసిన కథ కాదిది. పెద్దది చేసి చూపించడం కూడా చదువుతో వచ్చే అలవాటేనని చదువుకున్నవాళ్లకు తోచదు.

ఇది బాగా తెలిసినవాడు డేవిడ్ వెర్నర్. డాక్టరు కాదు, జీవశాస్త్రం చెప్పే పంతులు. పక్షుల్నీ మొక్కల్నీ బొమ్మలు గీసే అలవాటున్న మనిషి. మెక్సికో కొండల్లో తిరుగుతూ అజోయా అనే పల్లె దగ్గర ఆగిపోయి, అక్కడి జనానికి వైద్యం గురించి తానే రాసి, తానే బొమ్మలు గీసిన పుస్తకం 1970లలో ముందు స్పానిష్‌లో వచ్చింది. తర్వాత ఎన్నో భాషల్లోకి పోయింది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని 'వైద్యుడు లేని చోట'గా తెలుగులోకి తెచ్చింది. సన్నని నల్లగీతలు, నీడలు లేవు, వెనక దృశ్యం లేదు. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఏం తాగించాలో ఆ బొమ్మ చూస్తే సగం అర్థమవుతుంది. దాని పక్కన నేటి ఆరోగ్యశాఖ ఫ్లెక్సీని పెట్టి చూడండి: నాయకుల ముఖాలు మూడు, చిహ్నాలు నాలుగు, చెప్పాల్సిన సంగతి అడుగున చీమల బారు.

దీపం వెనక దీపం

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలును పారదర్శకం చేసి, రంగులద్ది, సన్నని ఉలితో చిల్లులు కొట్టి మనిషంత ఎత్తు రాముణ్నీ రావణుణ్నీ నిలబెట్టే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెల్లవార్లూ సాగే తోలుబొమ్మలాటను టీవీ మింగేశాక ఈ చేతులు లాంతరు తొడుగులు, తలుపు తెరలు, గోడ బొమ్మలు చేయడం నేర్చుకున్నాయి. వెలుగు వెనకనుంచే పడాలన్న సూత్రం ఒకటే కాబట్టి లాంతరు అతికింది. ఈ మార్పులో డిజైనర్ల చెయ్యి ఉంది. తిండి పెట్టిన మార్పు కాబట్టి కాదనలేం.

కానీ డిజైను విద్యార్థులు వచ్చి బొమ్మలు ఫొటోలు తీసుకుని, 'డాక్యుమెంటేషన్' చేసుకుని వెళ్లిపోయే తీరు గురించి ఒక మాట అనాలి. ఆ నివేదిక వాళ్ల మార్కులకు పనికొస్తుంది. కళాకారుడికి కావలసినవి వేరు. వస్తువుతో పాటు పోయే చీటీ మీద చేసినవాళ్ల పేరుండాలి. కొరియర్లో నలగని పెట్టె కావాలి. ధర ఎలా కట్టాలో తెలియాలి. ఆన్‌లైన్ అమ్మకానికి తెల్లని వెనకతెర మీద నాలుగు శుభ్రమైన ఫొటోలు కావాలి. ఇవేవీ గొప్ప సృజన అనిపించుకోవు. సేవకని వచ్చినవాళ్లు ముందు చేయవలసినవి ఇవే.

పాత ఆటలో ఇంకో విద్య ఉంది, దాన్ని మాత్రం వదులుకోకూడదు. సీతాపహరణం ఉత్కంఠగా నడుస్తుంటే మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా దూకి, ఆ ఊరి ముచ్చట్లు ఎత్తుకుని బూతు కలిపి నవ్వించేవాళ్లు. ఊరి కరణాన్నీ షావుకారునూ తిట్టడానికి అదొక్కటే చోటు. కుటుంబ నియంత్రణ నుంచి ఎయిడ్స్ దాకా ప్రచారానికి తోలుబొమ్మలను వాడుకున్న ప్రభుత్వాలూ సంస్థలూ చాలాసార్లు ఆ వేళాకోళాన్ని తీసేసి ఉపన్యాసం పెట్టాయి. బొమ్మ ఆడింది కానీ జనం లేచి పోయారు. స్క్రిప్టు రాసే వాలంటీరు బంగారక్కకు నోరు కట్టేయకూడదు.

కెమెరా ఎవరి చేతిలో ఉండాలన్న సంగతిని అప్పటి మెదక్ జిల్లా పస్తాపూర్‌లో తేల్చేశారు. దూరదర్శన్ నిర్మాత పి.వి.సతీష్ ఆ ఉద్యోగం దాటి వచ్చి, 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో, 2023లో చనిపోయేదాకా ఉన్నారు. తనకు వచ్చిన విద్యతో ఆయనే సినిమాలు తీసి పెట్టవచ్చు. తీయకుండా, బడి మొహం చూడని దళిత మహిళలకు కెమెరా నేర్పించారు. వాళ్లు షాట్లకు ఇంగ్లిషు పేర్లు పెట్టుకోలేదు. పై కోణానికీ కింది కోణానికీ ఊళ్లోని దొర, కూలీల సంబంధం నుంచి పేర్లు తీసుకున్నారు. మనిషి కళ్ల ఎత్తున కెమెరా పెట్టి తీసేదాన్ని సంఘం షాట్ అన్నారు, సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు గనక. మొదట్లో చెప్పిన కరువు ఫొటోలు ఏ ఎత్తు నుంచి తీసినవో పాత క్యాలెండర్లు తీసి చూసుకోవచ్చు.

గోడరాత

2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది మా నార్పల మండలం బండ్లపల్లిలోనే. అదే ఏడాది ఈ జిల్లాలో పెద్దఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. ఎవరెన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలి పడింది అన్న లెక్కను ఊరి ముందు పెట్టడం దాని పని. ఆ లెక్కను ఊరి గోడ మీద రాయాలని పథకం నిబంధనలే చెప్పాయి.

ఈ జిల్లాలో అక్షరం గీయడం వచ్చిన కుర్రాడికి ఇంతకన్నా మంచి సేవ నాకు కనిపించడం లేదు. పంచాయతీలు రాయించే గోడలు చాలాచోట్ల ఎలా ఉంటాయంటే, అక్షరం మనిషి తలకన్నా పైన, వరుసలు ఇరుగ్గా, నీలం మీద ఆకుపచ్చ. చదవమని రాసినట్టుండదు, రాశామని చెప్పుకోవడానికి రాసినట్టుంటుంది. ఫ్లెక్సీ వచ్చాక పనిపోయిన పాత బోర్డు ఆర్టిస్టులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. దూరం నుంచి చదవాలంటే అక్షరం ఎంత మందం ఉండాలో, ఎండకు ఏ రంగు ముందు వెలిసిపోతుందో వాళ్లను అడిగితే చెబుతారు. కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలు వాళ్ల దగ్గర నెల్లాళ్లు శిష్యరికం చేస్తే ఇద్దరికీ లాభం.

కావలసిన సామాను ఎక్కువేమీ కాదు. సున్నం, ఎర్రమన్ను, నల్లరంగు, నిచ్చెన, నూలుదారం. చదువు రానివాళ్ల కోసం పని రోజులకు పార బొమ్మలు, కూలికి నోటు బొమ్మలు వేయవచ్చు. పది రోజులకు పది పారలు వేస్తారా, ఒక పెద్ద పారా ఐదు చిన్న పారలా అన్నది ఊళ్లోనే అడిగి తేల్చుకోవాలి. మడకశిర, రాయదుర్గం వైపైతే కన్నడం కూడా రాయాల్సి వస్తుంది. పేర్లు జాబ్ కార్డు చూసి రాయాలి, బ్యాంకు పుస్తకంతో సరిచూడాలి. నాగమ్మకు ఒకచోట దీర్ఘం, ఇంకోచోట హ్రస్వం పడితే కూలి ఆగిపోయే రోజులివి. అన్నీ అయ్యాక, రంగు ఆరకముందే, అక్షరం రాని ఇద్దరు ఆడవాళ్లను గోడ ముందు నిలబెట్టి వాళ్ల లెక్క వాళ్లనే చెప్పమనాలి. చెప్పలేకపోతే ఆ గోడకు మళ్లీ సున్నం కొట్టాల్సిందే.